నాడీకణ ద్రష్ట కహాల్

పొలము గట్టుపై నడచుచున్న రైతు కాలికి తుమ్మముల్లు గ్రుచ్చుకొనెననుకొందము. ముల్లు గ్రుచ్చుకొనినదని మనస్సునకు ఎఱుక కలుగకమునుపే కాలు పైకి లేచును. నొప్పి ఆ పిమ్మట తెలియును. పాదమునుండి వెన్నుపామునకు వార్త పోవుటయు, అచ్చటినుండి కాలి కండరములకు ఆజ్ఞ వచ్చుటయు, మఱియొక దారిని మెదడునకు సమాచారము చేరుటయు ఱెప్పపాటులో జరిగిపోవుచున్నవి. ఈ వార్తలను మోయునవి నాడులని వైద్యులు చాల కాలమునుండియు ఎఱుగుదురు. ఇటలీ దేశీయుడైన గాల్వానీ 18వ శతాబ్ది చివర కప్ప కాళ్లపై విద్యుత్ ప్రయోగములు చేసి, నాడులకును విద్యుచ్ఛక్తికిని సంబంధము కలదని చూపెను. జర్మనీ పండితుడగు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నాడియందు వార్త సెకనుకు సుమారు 27 మీటర్ల వేగమున పోవుచున్నదని కొలిచి చెప్పెను. కాని ఆ నాడులు లోపల ఏ విధముగ కట్టబడియున్నవో ఎవరికిని నిశ్చయముగ తెలియదు. మెదడంతయు ఒకే అఖండమైన వలయా, లేక ఒకదానికొకటి వేఱైన కోట్లకొలది జీవకణముల సమూహమా అను ప్రశ్న పండితులను చిరకాలము వేధించెను. దానికి సాక్ష్యముతో కూడిన సమాధానము చెప్పినవాడు కొండపల్లెలో పుట్టిన యొక పల్లె వైద్యుని కుమారుడు. ఆయన పేరు సాంటియాగో రామోన్ ఇ కహాల్.

కహాల్ 1852వ సంవత్సరము మే నెల 1వ తేదీన స్పెయిన్ దేశమునందలి పెతీయా అను చిన్న గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నవార్రా మండలమునకు చెందినదే యైనను, చుట్టును అరగోన్ మండలపు భూములే కలవు. తండ్రి హుస్తో రామోన్ కాపు కుటుంబమున పుట్టి, క్షురక వైద్యుల కడ పని నేర్చి, కూడబెట్టిన కొద్ది ధనముతో చదువుకొని శస్త్రవైద్యుడైనవాడు. కష్టపడి పైకి వచ్చినవాడగుటచే ఆయనకు పనికివచ్చు విద్యయందే గౌరవము. కుమారునకు చదువును, లెక్కలను, ఫ్రెంచి భాషను స్వయముగ నేర్పెను. ఊరి సందడి తగులకుండుటకై గొఱ్ఱెల కాపరులు విడిచిన యొక గుహలో కూర్చుండబెట్టి ఆ భాష నేర్పెనట.

కుమారునకు మాత్రము చిత్రలేఖనముపై మోజు. గోడ, తలుపు, కాగితము ఏది కనబడినను దానిపై బొమ్మ వ్రాయక మానడు. తండ్రికి ఇది దుర్వ్యసనముగ తోచెను. ఒకనాడు అయేర్బే గ్రామమునకు దేవాలయపు గోడలకు రంగులు వేయుటకు వచ్చిన పనివానిని పిలిచి, బాలుడు వ్రాసిన యొక భక్తుని చిత్రమును చూపి అభిప్రాయమడిగెను. ఆ బొమ్మ బాగుగ లేదని, ఈ పిల్లవాడు ఎన్నటికిని చిత్రకారుడు కాజాలడని అతడు తీర్పు చెప్పెను. దానితో తండ్రి వైద్యవిద్యయే గతియని నిశ్చయించెను. గోడలకు రంగు పూయువాని తీర్పు ఒక బాలుని భవిష్యత్తును నిర్ణయించినది.

బాలుని అల్లరికి మేర లేదు. పదునొకండేండ్ల ప్రాయమున కఱ్ఱతో ఫిరంగి చేసి, మందు కూరి, పొరుగువాని తోట తలుపును పగులగొట్టి, కొద్ది దినములు ఊరి చెఱసాలలో గడపెను. హాకా పట్టణమునందలి పాఠశాలలో ఉపాధ్యాయులు కొరడాతోను, పస్తులతోను దండించినను వల్లెవేయు చదువు ఆయనకు అబ్బలేదు. బుద్ధి వచ్చుటకై తండ్రి ఆయనను మంగలి కడను, చెప్పులు కుట్టువాని కడను పనికి పెట్టెను. కుట్టుపనియందు బాలుడు మంచి నేర్పరియనిపించుకొనెను.

ఆ ఇంటిలో వైద్యగ్రంథములు తక్క అన్య పుస్తకములకు ప్రవేశము లేదు. అయితే పొరుగున మిఠాయిలు చేయువాడొకడు కలడు. వాని మిద్దెపై గదిలో నవలలు, కావ్యములు, యాత్రాచరిత్రలు పేర్చియుండుట కహాల్ ఒకనాడు కిటికీనుండి చూచెను. మధ్యాహ్నము అందఱును నిద్రించు వేళ మిద్దెమీదుగ ఆ గదిలో ప్రవేశించి ఒక్క పుస్తకమును మాత్రమే తెచ్చుకొని, చదివి, దానిని యథాస్థానమున పెట్టి మఱియొకటి తెచ్చుకొనుచుండెను. మిఠాయివానికి ఈ సంగతి తెలియనే లేదు. ఆ పల్లెలో గ్రంథాలయము లేకుండుటచే బాలుడు చదువుకొఱకు చౌర్యము చేయవలసివచ్చెను. అడుగకయే తెచ్చుట తప్పే యైనను, తెచ్చినదానిని చెడగొట్టక తిరిగి చేర్చు నియమమును మాత్రము ఆయన తప్పలేదు.

1868లో తండ్రి యొక యుక్తి పన్నెను. వెన్నెలరాత్రి కుమారుని వెంటబెట్టుకొని శ్మశానవాటిక గోడ దాటి, అచ్చట చెల్లాచెదరుగ పడియున్న ఎముకలను తెచ్చి వానిద్వారా శరీరశాస్త్రమును బోధింప మొదలిడెను. పుస్తకములోని పేర్లను వల్లెవేయలేని బాలుడు ఎముకను చేతబట్టి, త్రిప్పి చూచి, దాని బొమ్మ వ్రాసి, దాని ప్రతి గుంటను, గీతను గుర్తుంచుకొనెను. ఏ బొమ్మలను తండ్రి దుర్వ్యసనమనుకొనెనో ఆ బొమ్మలే విద్యకు మార్గమాయెను. కంటితో చూచినదానిని చేతితో వ్రాసిననే తప్ప నిజముగ చూచినట్లు కాదని ఆయన అప్పుడే గ్రహించెను. జీవితాంతము ఆయన శాస్త్రమంతయు ఈ సూత్రముపైననే నిలిచినది.

1873లో సారగోసా విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొంది, సైనిక వైద్యుడై, 1874లో నాడు స్పెయిన్ పాలనలో యుద్ధము జరుగుచున్న క్యూబా ద్వీపమునకు పంపబడెను. అడవులలోని దోమలు ఆయనకు మలేరియా తెచ్చిపెట్టెను. ఎముకల గూడుగ మిగిలి 1875లో స్వదేశమునకు మరలెను. బాకీపడిన సైనిక వేతనము చేతికందిన పిమ్మట ఆయన పొలము కొనలేదు, నగలు కొనలేదు. 1877లో మాడ్రిడ్‌లో పరీక్షకు పోయినపుడు సూక్ష్మదర్శినిలో చూచిన దృశ్యములకు ముగ్ధుడై, కూడబెట్టిన ధనముతో వాయిదాలమీద యొక సూక్ష్మదర్శినిని కొనెను. అటుపిమ్మట క్షయవ్యాధి పట్టి రక్తము కక్కుకొనెను. కొండగాలిలో విశ్రమించి, మరణమును తప్పించుకొని తిరిగి పనిలో ప్రవేశించెను. 1879లో సిల్వేరియా ఫన్యనాస్ అను యువతిని వివాహమాడెను. వారికి ఏడుగురు సంతానము కలిగిరి. స్వల్పాదాయమున ఇంటిని నడపి, భర్త ప్రయోగములకు ధనము మిగిల్చిన ఘనత ఆ యిల్లాలిది.

1884లో కహాల్ వలెన్సియాలో శరీరశాస్త్రాచార్యుడాయెను. మఱుసటి యేడు ఆ ప్రాంతమున కలరా చెలరేగినపుడు ఆయన ఆ వ్యాధిని గూర్చి పరిశోధించి నివేదిక సమర్పించెను. అందులకు సారగోసా మండలపు అధికారులు సంతసించి శ్రేష్ఠమైన జర్మనీ సూక్ష్మదర్శినిని బహూకరించిరి. తనకున్న పరికరములు విదేశీయ పరికరములకు దీటు కావని కొఱతపడుచుండిన ఆయనకు ఆ లోటు అప్పటితో తీఱెను.

ఆ కాలమున నాడీమండలమును పరిశోధించుట ఎంత కష్టమో చెప్పవలసియున్నది. మెదడునుండి పలుచని పొరను కోసి సూక్ష్మదర్శిని క్రింద పెట్టినచో కనబడునది చిక్కుపడిన పోగుల ముద్దయే. ఏ పోగు ఎచట మొదలై ఎచట ముగియునో తెలియదు. జర్మనీ దేశీయుడగు గెర్లాక్ మొదలైనవారు ఈ పోగులన్నియు కలిసిపోయి ఒకే వలయై యున్నవని చెప్పిరి. ఇటలీ దేశీయుడగు కామిల్లో గోల్జీ 1873లో ఒక అద్భుతమైన పద్ధతిని కనుగొనెను. మెదడు తునకను మొదట పొటాసియం డైక్రోమేటు ద్రావణమునందును, పిదప సిల్వర్ నైట్రేటు ద్రావణమునందును నానవేసినచో కొన్ని కణములు మాత్రము కొనలవఱకు నల్లబడును. తక్కినవి రంగు పట్టవు. వేయిమంది గుమిగూడిన తిరునాళ్లలో పదిమందిపై మాత్రమే దీపము పడినట్లు ఆ కొన్ని కణములు స్పష్టముగ కనబడును. అయినను గోల్జీ కూడ మెదడు వలయనియే నమ్మెను. పైగా ఆ పద్ధతి ఒకమారు ఫలించి పదిమార్లు విఫలమగుచుండుటచే ఇతరులు దానిని విడిచిపెట్టిరి.

1887లో కహాల్ మాడ్రిడ్‌నకు పోయినపుడు సిమార్రో అను వైద్యుడు గోల్జీ పద్ధతిచే సిద్ధపఱచిన తునకలను ఆయనకు చూపెను. పసుపుపచ్చని నేలపై నల్లసిరాతో వ్రాసినట్లున్న ఆ కణములను చూచి కహాల్ ఆశ్చర్యచకితుడాయెను. ఆ సంవత్సరమే బార్సిలోనాకు ఆచార్యుడై వెళ్లి, ఇంటిలోనే ప్రయోగశాల నేర్పఱచుకొనెను. చదరంగముపై తనకుగల వ్యసనమును త్యజించి రాత్రింబవళ్లు ఈ పనిలో మునిగెను. నానవేయుటను రెండుమార్లు చేసిన ఫలితము నిలకడగ వచ్చునని కనుగొనెను. అంతకంటె ముఖ్యమైన యుక్తి మఱియొకటి. ఎదిగిన ప్రాణి నాడులలో చాలవాటిచుట్టు మైలిన్ అను కొవ్వుతో కూడిన తొడుగు ఉండుటచే రంగు పట్టదు. కనుక ఆయన గ్రుడ్డులోని పక్షిపిల్లలను, అప్పుడే పుట్టిన జంతువులను పరిశోధించెను. నాట్లు పడిన పదునైదు దినములకు వరి దుబ్బులను వేఱువేఱుగ లెక్కింపవచ్చును. పండి వాలిన చేనిలో ఏ కంకి ఏ దుబ్బుదో చెప్పుట అలవికాదు. కహాల్ నాట్ల వేళకే చేనిని తనిఖీ చేసెను.

పక్షి చిన్నమెదడులో ఆయన చూచినది ఇది. అచ్చట పుర్కింజి కణములను పెద్ద కణములు కలవు. వాని శాఖలు తాటియాకు విసనకఱ్ఱవలె ఒకే తలమున విప్పారియుండును. ముందునుండి చూచిన వెడల్పు, ప్రక్కనుండి చూచిన సన్నము. వేఱు కణముల పోగులు వచ్చి ఈ పెద్ద కణముల దేహముచుట్టు బుట్ట అల్లినట్లు అల్లుకొని, అచ్చటనే ముగిసిపోవుచున్నవి. మఱికొన్ని పోగులు పందిరి ప్రాకు తీగవలె వాని కొమ్మలను చుట్టుకొని పైకి పోవుచున్నవి. తీగ కొమ్మను ఆనుకొనును గాని కొమ్మలో కలిసిపోదు. ఎంత వెదకినను ఒక కణపు పోగు మఱియొక కణములో లీనమగుట ఆయనకు కనబడలేదు. మెదడు గట్లులేని చెఱువు కాదు. గట్లు కలిగిన మడుల సముదాయము. ప్రతి మడియు వేఱు. ఒకదానినుండి మఱియొకదానికి నీరు పోవుటకు నియమితమైన మడవలు కలవు.

1888 మే నెలలో ఈ సంగతులను ప్రకటించుటకు కహాల్ సొంత ఖర్చుపై యొక పత్రికనే ప్రారంభించెను. అచ్చువేసినవి 60 ప్రతులు మాత్రమే. వానిని విదేశ పండితులకు పంపెను. స్పానిష్ భాషలోనున్న ఆ పత్రికను చదివినవారు అరుదు. ఇక ఉత్తరములవలన కార్యము కాదని తలచి, 1889లో కూడబెట్టిన ధనము వెచ్చించి, బెర్లిన్ నగరమున జరిగిన జర్మనీ శరీరశాస్త్రజ్ఞుల మహాసభకు పోయెను. తన తునకలను సూక్ష్మదర్శినుల క్రింద అమర్చి, వచ్చీరాని ఫ్రెంచి మాటలతో పండితులను పిలిచి చూపెను. సంశయముతో వచ్చినవారు కన్నులార చూచి మౌనము వహించిరి. అందఱిలో పెద్దవాడగు కోలికర్ ఆయనను ప్రశంసించి, తన సూక్ష్మదర్శినియందు ఆ ప్రయోగములనే చేసి చూచి, వల సిద్ధాంతమును విడిచెను. కహాల్ రచనలను చదువుటకై డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట స్పానిష్ భాషను నేర్చుకొనెను. అంతటి పండితునకు సత్యము ముందు పట్టుదల లేకుండుట మిక్కిలి శ్లాఘనీయము. 1891లో వాల్డయర్ అను జర్మనీ పండితుడు ఈ ప్రత్యేక కణమునకు న్యూరాన్ అను పేరుపెట్టెను.

న్యూరానునకు ముఖ్యముగ మూడు భాగములు. నడుమ కేంద్రకముతో కూడిన దేహము. దానినుండి చెట్టు కొమ్మలవలె చీలు పొట్టి శాఖలు, అనగా డెండ్రైట్లు. సాధారణముగ ఒకటే యగు పొడవైన పోగు, అనగా ఆక్సాను. వెన్నుపామునుండి పాదమువఱకు పోవు ఆక్సాను ఒక మీటరుకు మించిన పొడవు కలిగియుండవచ్చును. వార్త ఏ వైపునుండి ఏ వైపునకు పోవునో కహాల్ ఆకారమునుబట్టియే ఊహించెను. కంటిలోను, ముక్కులోను కణముల అమరికను పరికింపగా, డెండ్రైట్లు వెలుగు, వాసన వచ్చు దిక్కునకును, ఆక్సాను మెదడు దిక్కునకును తిరిగియుండెను. కనుక డెండ్రైట్లు వార్తను అందుకొనుననియు, ఆక్సాను దానిని ముందునకు పంపుననియు ఆయన 1891లో సూత్రీకరించెను. తన చిత్రములయందు బాణపు గుర్తులు వేసి వార్త ప్రవహించు మార్గమును చూపెను. కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన వార్త ప్రవేశించు దారియు, కండరమునకు ఆజ్ఞ వెడలు దారియు ఆ బాణములతో మొదటిసారిగ విశదమయ్యెను. రెండు కణములు కలియు చోటునకు ఇంగ్లండు దేశీయుడగు షెరింగ్టన్ 1897లో సైనాప్స్ అను పేరు వాడుకలోనికి తెచ్చెను.

1892లో కహాల్ మాడ్రిడ్ విశ్వవిద్యాలయమునకు మాఱెను. 1899 మొదలు 1904 వఱకు మానవుని, వెన్నెముకగల ప్రాణుల నాడీమండలమును గూర్చి బృహద్గ్రంథమును వెలువరించెను. 1906లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము ఇద్దఱికి సమముగ పంచబడెను. ఒకరు కహాల్, మఱియొకరు గోల్జీ. పద్ధతి గోల్జీది, దానిచే చూపిన సత్యము కహాల్‌ది. డిసెంబరు 11వ తేదీన స్టాక్‌హోం నగరమున గోల్జీ ప్రసంగించుచు న్యూరాన్ సిద్ధాంతమును ఖండించెను. 12వ తేదీన కహాల్ ప్రసంగించి, గోల్జీ పద్ధతికి గౌరవము చూపుచునే, తాను కనుగొనిన విషయములను సాక్ష్యములతో వివరించెను. ఒకే ద్రావణమును వాడి, ఒకే రంగు కణములను చూచి, ఒకరు వలయనిరి, ఒకరు వేఱువేఱనిరి. మనస్సులో ముందుగ నెలకొనిన నమ్మకము కంటిముందున్న వస్తువును కూడ మఱుగుపఱచగలదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శనమక్కఱలేదు.

వీరిరువురిలో ఎవరిది సత్యమో ఆ సాధారణ సూక్ష్మదర్శినిచే తుదిగ తేల్చుట సాధ్యము కాదు. ఏలయన, రెండు కణముల నడుమనున్న సందు మిల్లీమీటరులో సుమారు ఏబదివేలవ వంతు మాత్రమే. 1950వ దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మట ఆ సందు ప్రత్యక్షముగ కనబడెను. కహాల్ చెప్పినది నిజమయ్యెను. అయితే 1959లో మంచినీటి క్రేఫిష్ అను రొయ్యజాతి ప్రాణియందు కొన్నిచోట్ల విద్యుత్తు ఒక కణమునుండి మఱియొకదానికి నేరుగ ప్రవహించుట బయటపడెను. అట్టి చోట్ల కణములను కలుపు అతి సూక్ష్మమైన ద్వారములు కలవని తదుపరి తేలెను. ఓడిన పక్షమునందును కొంత సత్యమున్నదని దీనివలన తెలియుచున్నది.

ఆక్సానునందు విద్యుత్తు ప్రవహించు విధమును 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు స్క్విడ్ అను సముద్రప్రాణి యొక్క లావైన ఆక్సానుపై పరిశోధించి వివరించిరి. విశ్రాంతిలోనున్న కణపు లోపలి భాగము వెలుపలికంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణముగ నుండును. వార్త వచ్చినపుడు పొరలోని ద్వారములు తెఱచుకొని సోడియం అయానులు లోనికి చొచ్చుకొనివచ్చును. లోపలి భాగము ఒక్క క్షణము ధనమగును. వెంటనే పొటాసియం అయానులు వెలుపలికి పోవుటచే మునుపటి స్థితి కలుగును. ఇదంతయు ఒకచోట సెకనులో వేయవ వంతు మాత్రము పట్టును. ఒకచోటి మార్పు ప్రక్కచోటి ద్వారములను తెఱపించుచు ఆక్సాను చివరవఱకు సాగిపోవును. ఇది తీగలోని కరెంటువలె పాఱునది కాదు. ఒక ప్రమిదనుండి ప్రక్క ప్రమిదకు దీపమంటించుచు పోయినట్లు ప్రతి చోటను క్రొత్తగ వెలుగునది. కనుకనే దూరము పోయినను వార్త బలము తగ్గదు. ఆక్సాను చివర ఆ వార్త సాధారణముగ రసాయన ద్రవ్యముగ మాఱి సందును దాటి ఆవలి కణమును తాకును. ఇట్లు నాడులనుండి రసాయనము వెలువడునని లోవీ అను శాస్త్రజ్ఞుడు 1921లోనే కప్ప గుండెలపై ప్రయోగముచే చూపియుండెను. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరానులు కలవని 2009లో ప్రకటింపబడిన పరిశోధనవలన తెలియవచ్చెను. ఇంత గొప్ప శాస్త్రమునకు పునాది ప్రతి కణమును వేఱుగ చూడగలిగిన కహాల్ చూపే.

కీర్తి వచ్చినను కహాల్ తన పీటపైనుండి లేవలేదు. విద్యామంత్రి పదవి లభింపగా వలదని త్రోసిపుచ్చెను. శిష్యులను తీర్చిదిద్దెను. వారిలో రియో ఒర్తేగా మెదడులో నాడీకణములకు రక్షకములైన సూక్ష్మ కణములను గుర్తించి పేరుపొందెను. కహాల్ వృద్ధాప్యమునందును గ్రంథరచన మానక, 1934 అక్టోబరు 17వ తేదీన మాడ్రిడ్ నగరమున 82వ యేట పరమపదించెను. ఆయన చేతితో వ్రాసిన చిత్రములు రమారమి మూడువేలు మిగిలియున్నవి. ఆయన పత్రములను, చిత్రములను 2017లో యునెస్కో సంస్థ ప్రపంచ స్మృతిసంపదలో చేర్చెను. చిత్రకారుడు కాజాలడని తీర్పు పొందిన బాలుని చిత్రములవి.

ఏకలవ్యునివలె కహాల్ గురువు దాపున లేకయే సాధన చేసెను. ఆయనకు దొరికినవి ఒక మిఠాయివాని పుస్తకములు, వాయిదాలమీద కొనిన సూక్ష్మదర్శిని, పరులు విడిచిపెట్టిన పద్ధతి. పల్లెలో పుట్టితిమి, మనకేమి చేతనగునని నిరాశపడు యువకులు ఈ మహనీయుని చరిత్రమును చదువుట మేలు. ఎవరు చెప్పినను, ఎంత పెద్దవారు చెప్పినను, చూడదగిన వస్తువును తామే చూచి, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుటయే ఆయన మార్గము. ఆ మార్గమునకు ధనము కొంత కావలసియుండవచ్చును. ఓర్పు మాత్రము ఎంతయైనను కావలయును.